చదివేటోళ్ల ఫొటోలు తీస్తున్న, అన్ని పరీక్షకు కూసున్నట్టే వస్తున్నయి, ఏం జెయ్యాలె?

పానగల్_పోరడు:

అందరికి నమస్తే. మాది నల్గొండ పక్కన పానగల్. డిగ్రీ అయిపోయింది, మా అన్న మొబైల్ షాపుల కూసుంట, పొద్దుగాల మాపటేళ కెమెరా పట్టుకొని తిరుగుత. పెద్ద కెమెరా ఏం కాదు, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న కానన్ 1500డి, కిట్ లెన్సు ఒకటి, 50 ఎంఎం 1.8 ఒకటి. సంగతేందంటే నవంబర్ 14 నుంచి 20 దాక గ్రంథాలయ వారోత్సవాలు ఉంటయి గదా, నేను పోయే లైబ్రరీల సారు ఒకనాడు నా మెడల కెమెరా చూసి, ఏమోయ్ ఆ గోడ ఖాళీగ ఉంది, ఏటా గవే ఫొటోలు పెడుతున్నం, ఈసారి మనోళ్లు చదువుతుంటే తీసినయి ఓ ఇరవై పట్టుకరా, ప్రింట్లకు సగం పైసలు నేను పెట్టుకుంట అన్నడు. నేను ఎగిరి గంతేసిన.

మూడు వారాలైంది. 340 ఫొటోలు తీసిన. ఒక్కటి పనికొస్తలేదు.

లైబ్రరీల ఎవరిని తీసినా నొసలు ముడిచి, దవడ బిగవట్టి, ముంగట గ్రూప్స్ పుస్తకం. పేపర్ చదివే పెద్దమనుషులను తీస్తే కరెంటు బిల్లు చూస్తున్నట్టున్నరు. కొంచెం నవ్వండి సార్ అంటే ఇంక పాడు, పుస్తకం దిక్కు పండ్లు బయటవెట్టి చూస్తరు, టూత్‌పేస్టు అడ్వటైజ్‌మెంట్ అయితది. ఇట్ల కాదని మా చెల్లెను ఛాయా సోమేశ్వరాలయం కాడికి తీసుకపోయి స్తంభానికి ఆనిచ్చి కూసోవెట్టి, పక్కన చాయ్ కప్పు, నాలుగు ఎండుటాకులు, కండ్లద్దాలు, అన్ని సెట్ చేసి అర్ధగంట తీసిన. మస్తు వచ్చింది, దోస్తులందరు సూపర్ మామా అన్నరు. ఇంటికొచ్చి టీవీల పెట్టి చూపిస్తే మా చెల్లె పడి పడి నవ్వుడు, అన్నా పుస్తకం తలకిందులు పట్టుకున్న, గంతసేపు తీసినవు ఒక్కసారన్న చూసినవా అని. నిజంగనే తలకిందులే. అది డిలీట్ కొట్టలే, నాకు బుద్ధి రావాలని ఉంచుకున్న.

అసలు నాకు తియ్యాలని ఉన్న ఫొటో వేరే. మా నాయిన బత్తాయి మార్కెట్ల హమాలి, ఏడో తరగతి దాక చదివిండు. వారంల రెండుసార్లు వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు కట్టించుకొస్తడు. తిన్నంక అందరం చేతులు కడుక్కుంటం, ఆయన మాత్రం ఆ నూనె కాగితం పారెయ్యడు, మడతలు విప్పి తొడ మీద సాపు చేసి చదువుతడు. ఎప్పటి పేపరో, ఏ జిల్లాదో, సగం వార్తనే ఉంటది. ఒకసారి ఎవడో ఎద్దును అమ్ముకుంటే అది తాడు తెంపుకొని రాత్రికి రాత్రి పాత ఇంటికే నడిచొచ్చిందట, సరిగ్గ ఆడికి కాగితం చినిగిపోయింది. మిగిలింది ఆయననే అల్లి మా అమ్మకు చెప్తున్నడు, కొన్నోడు వచ్చిండట, ఎద్దు లేవనన్నదట, ఈయన పైసలు వాపసు ఇచ్చిండట. అమ్మేమో అట్లనే రాసిండ్రా అంటది, ఆ, ఈన్నే ఉంది అంటడు. ఆ టైంల ఆయన మొఖం ఉంటది చూడుండ్రి, నాకు మాటల్ల చెప్పరాదు, అందుకే తీద్దామనుకున్న. కెమెరా ఎత్తుడే ఆలస్యం, కాగితం ఉండజుట్టి మూలకేసి, అంగి గుండీ పెట్టుకొని, పాస్‌పోర్టు ఫొటోకు కూసున్నట్టు కూసుంటడు.

చదువుతుంటే లోపల అయ్యే సంతోషం అసలు ఫొటోల దొరుకుతదా? దొరికితే యాడ చూడాలె? లెన్సు మార్చాల్నా, నేను మారాల్నా, తెలిసినోళ్లు చెప్పుండ్రి.

*

మిర్యాలగూడ_స్టూడియో:

తమ్మీ, 14 ఏండ్ల సంది పెండ్లిళ్లు తీస్తున్న, నవ్వమంటే వచ్చే నవ్వు ఎంత దండగనో నాకంటే ఎక్కువ ఎవనికి తెల్వది. ముందుగాల నీ కెమెరా సంగతి చూద్దాం, ఎందుకంటే నీ ఫొటోలల్ల అందరు కోపంగ కనపడుతున్నరంటే సగం తప్పు వాళ్ల మొఖానిది కాదు, ఎక్స్‌పోజర్‌ది.

పుస్తకం పేజీ తెలుపు. ఫ్రేముల తెలుపు ఎక్కువైతే కెమెరా భయపడి మొత్తం చీకటి చేస్తది, పేజీ బూడిద రంగుకు వస్తది, మొఖం నల్లగైతది, కండ్ల కింద నీడ పడి మనిషి వారం సంది నిద్ర లేనట్టు ఉంటడు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ ఒకటికి పెట్టు, పేజీ మీద అక్షరాలు కొట్టుకపోతున్నయి అనిపిస్తే ప్లస్ 0.7కు దించు. ఇంకోటి, మేము పెండ్లిల్ల మొఖం మీద వెలుగు పడాలని థర్మాకోల్ షీట్ పట్టిపిస్తం గదా, చదివేటోని చేతుల పుస్తకమే ఒక థర్మాకోల్. కిటికీ వెలుగు పేజీ మీద పడి కిందికెల్లి గడ్డం మీదికి, ముక్కు కిందికి లేస్తది. పేజీ తిప్పినప్పుడు ఆ వెలుగు ఒక్క క్షణం మొఖం మీద కదులుతది, దాన్ని పట్టుకో. పుస్తకం బల్ల మీద పెట్టి చదివితే రాదు, చేతుల ఎత్తి పట్టుకున్నోళ్లకే వస్తది.

ట్యూబులైట్ కింద తీస్తే నీకు ఫొటోల అడ్డం చారలు వస్తున్నయా? మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకండుకు 100 సార్లు కొట్టుకుంటది. షట్టర్ 1/50 గాని 1/100 గాని పెట్టు, 1/250, 1/500 పోకు. ఫ్లాష్ అయితే సంచిలకెల్లి తియ్యనే వద్దు, ఒక్కసారి కొట్టినవంటే ఆ రూముల ఎవ్వడు మళ్ల చదవడు, నీ దిక్కే చూస్తరు.

వెలుగు సంగతి నీకు చెప్పుడేంది, పానగల్‌ల పుట్టినోనివి. ఆ గుడిల గర్భగుడి గోడ మీద నీడ పొద్దంత కదలకుండ ఎందుకుంటది? ఎండ నేరుగ లోపలికి పోదు, బయట తగిలి, స్తంభాల సందుల నుంచి మెత్తగై పోతది. అసొంటి వెలుగుల కూసోవెట్టు మనుషులను. ఎండల కాదు, ఎండ పక్కన. నువ్వేమో చెల్లెను ఆ గుడి కాడికే తీసుకపోయి చాయ్ కప్పు మీద ధ్యాస పెట్టినవు.

50 ఎంఎం లెన్సును 1.8 అపర్చర్‌ల వాడకు, అంటే లెన్సు కన్ను మొత్తం తెరిచి తియ్యకు, ఫోకస్‌ల కన్నన్న ఉంటది పుస్తకమన్న ఉంటది, రెండు రావు. 4కు పో. తల వంచి చదివేటోని కన్ను ఎట్లాగు కనపడది, రెప్పనే కనపడతది, ఆ రెప్ప మీద ఫోకస్ పెట్టు. నీ కెమెరాల అద్దం టక్కుమని మోగుతది, దానికి మందు లేదు. మొదటి రోజు ఉత్తగనే ఓ యాభై కొట్టు, దేనికీ పనికిరాకున్నా సరే, చప్పుడుకు వాళ్ల చెవులు అలవాటు కావాలె.

నా దగ్గర చదివే ఫొటో అంటే ఒక్కటే ఉంది. పెండ్లి పిల్ల తాత, మంటపం వెనక ప్లాస్టిక్ కుర్చీల కూసొని, అందరు సెల్ఫీలు దిగుతుంటే, ఆయన పెండ్లి పత్రిక ముంగటవెట్టుకొని ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదువుతున్నడు. తన పేరు కాడ వేలు ఆగింది. ఆల్బంల పెడితే పెండ్లోళ్లు ఇదెందుకన్నా తీసెయ్ అన్నరు. తీసేసిన. నా ఫోన్ల ఉంది ఇప్పటికి.

*

పానగల్_పోరడు:

అన్నా దండం. ప్లస్ ఒకటి పెట్టి ఇయ్యాల పొద్దుగాల తీసిన, మొఖాలు తెలుపుకొచ్చినయి నిజమే, గని ఇప్పుడు తెల్లటి మొఖంతోని పరీక్ష రాస్తున్నట్టున్నరు.

*

పాలమూరు_పిల్ల_07:

నేను ఆ పరీక్ష బ్యాచ్ మనిషినే, గ్రూప్ 2కు మూడేండ్ల సంది చదువుతున్న, మహబూబ్‌నగర్‌ల ఒక రీడింగ్ రూంల. అందుకని రెండు మాటలు గట్టిగనే అంట, ఏమనుకోకుండ్రి.

మొదటిది, అడిగి తియ్యుండ్రి. పోయినేడు ఒకాయన, ఎవరో కూడ తెల్వదు, రూంల ఫొటోలు కొట్టిండు, సాయంత్రానికి నా ఫొటో ఎవరెవరి స్టేటస్‌లల్లనో ఉంది, కింద కష్టపడితే ఏదైనా సాధించవచ్చు అని రాసి. మా ఇంట్ల అన్నకు చేరింది, వారం రోజులు రూముకు పోనియ్యలే. ఆయనకు అదొక ఫొటో, నాకు వారం చదువు పాయె. తీసినంక చూపించి, ఉంచాల్నా వద్దా అని అడిగి, వద్దంటే వాళ్ల ముంగటనే తీసేస్తే ఏం పోతది?

రెండోది ఇంకా మజా. ఆ ఫొటోల నేను నొసలు ముడుచుకొని మస్తు సీరియస్‌గ ఉన్న. అందరు అబ్బ ఎంత దీక్ష అన్నరు. ఆ టైంల పాలిటీ పుస్తకం నడుమ ఆదివారం అనుబంధం పెట్టుకొని కథ చదువుతున్న, ఒక అత్త కోడలు మీద అలిగి పక్కింట్ల అన్నం తినే కథ, నవ్వు ఆపుకోనీకి పండ్లు బిగవట్టిన. ఆ దవడ బిగింపును చూసి కష్టం అనుకున్నరు. మీరు మొఖం చూసి సంతోషం లేదంటున్నరు గదా, మొఖానికి ఏం తెలుసు? నేను చదువుతుంటే మా అమ్మ ఎవరితోనన్న కొట్లాట అయ్యిందా బిడ్డా అని అడుగుతది.

చేతులు చూడుండ్రి. పరీక్ష కోసం చదివేటోని చెయ్యి ఊకె ఉండది, పెన్నుతోని గీస్తది, క్యాప్ నములుతది, పేజీలు ఇంక ఎన్ని ఉన్నయో లెక్కవెడతది. మనసువెట్టి చదివేటోని చెయ్యికి పని ఉండది, మరిచిపోయిన చెయ్యి అది, చెంప కింద ఉంటే చెంప కిందనే, తలల ఉంటే తలలనే. తర్వాత కాళ్లు. బల్లల కిందికి వంగి చూడుండ్రి ఒకసారి, చెప్పులు విడిచి ఉంటయి, ఒక కాలి బొటనవేలు ఇంకో కాలి మీద రాసుకుంటది, కథ గట్టిగ నడుస్తుంటే ఆ వేలు ఆగుతది. మా రూముల ఒకామె మంచి చోటికి వస్తే కొంగు అంచు వేలికి చుట్టుకుంటది, విప్పుతది, చుట్టుకుంటది, ఆమెకు తెల్వనే తెల్వది.

బల్లల కింద ఫొటో తీస్తే తంతరు, అది మీ బాధ. అడిగి తియ్యుండ్రి అన్న గదా.

*

మిర్యాలగూడ_స్టూడియో:

చెల్లె చెప్పింది వంద శాతం కరెక్టు. అద్దాలు పెట్టుకున్నోళ్లుంటే అద్దంల పేజీ కనపడుతది, రెండు చిన్న చిన్న తెల్ల చదరాలు, అది కూడ చూడు తమ్మీ. పెండ్లిల్ల ఆ రిఫ్లెక్షన్ పోవాలని మేము తల కిందికి వంచమంటం, నీకు అదే కావాలె.

*

చౌటుప్పల్_హైవే:

ఇయ్యాల రేపు ఎవడు చదువుతుండు భాయ్, అందరి చేతుల ఫోన్లే, పుస్తకం పట్టుకున్నోని ఫొటో తీసుడంటే మ్యూజియంల ఫొటో తీసినట్టే. ఫోన్ చూసేటోళ్లను తీసి పెట్టు గోడకు, నిజం ఉంటది.

*

పాలమూరు_పిల్ల_07:

చౌటుప్పల్ అన్నా, నేను జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాక బస్సుల ఫోన్లనే నవల చదువుత, అది చదువు కాదా? ఫోన్ల చదివేటోడు వేరు, రీల్స్ చూసేటోడు వేరు, బొటనవేలు చూస్తే తెలుస్తది. రీల్స్ వేలు ఊకె పైకి కొడతది, విసుగొచ్చి ఈగను కొట్టినట్టు. చదివే వేలు స్క్రీన్ పక్కకు ఆనుకొని చాలాసేపు ఊకుంటది, మెల్లగ ఇంతంత జరుపుతది. అవి కూడ తీసి పెట్టమనుండ్రి గోడకు, నాకేం అభ్యంతరం లేదు.

*

రిటైర్డ్_తెలుగు_సారు_వనపర్తి:

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ నాయినగారి ఎద్దు కథ మూడుసార్లు.

ఆంద్రే కెర్టెస్ అని హంగేరీలో పుట్టిన ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉండె, 1894లో పుట్టి 1985లో పోయిండు. చదివేవాళ్ల ఫొటోలు యాభై ఏండ్లకు పైగా తీసిండు, 1971లో వాటిని ఒక పుస్తకంగా వేసిండ్రు. అందులో 1915 నాటిది ఒకటి ఉంది, ఎస్టెర్‌గోమ్ అనే ఊరిది. అప్పుడు ఆయన యుద్ధంలో సిపాయి. గోడ పక్కన ముగ్గురు పిల్లలు నేల మీద కూర్చున్నరు, ముగ్గురికి ఒకటే పుస్తకం. ఎవ్వరూ నవ్వరు. ఎవ్వరి కండ్లూ మనకు కనపడవు. మూడు తలలు ఒక్కచోటికి వంగినయి, అంతే. నేను బడిలో ముప్పై ఒక్క ఏండ్లు పాఠం చెప్పిన, ఆ వంపు నాకు తెలుసు. ఒకే పాఠ్యపుస్తకాన్ని ముగ్గురు పంచుకున్నప్పుడు నడుమ కూర్చున్నోడు రాజు, పేజీ తిప్పే హక్కు వానిది, అటూ ఇటూ ఉన్నోళ్లు ఆగురా ఇంకా అయిపోలే అని మోచేత్తో పొడుస్తరు. కెర్టెస్‌దే ఇంకొకటి, 1929లో ఫ్రాన్సులో బోన్ అనే ఊరి ధర్మాసుపత్రిలో తీసింది, తెరలు కట్టిన మంచంలో ముసలామె ఒకతె కూర్చొని చదువుకుంటున్నది. ఆ మంచం చుట్టూ తెరలుండుటే ఫొటోకు ప్రాణం, ఆమె ఎవ్వరికీ అందని చోట ఉన్నట్టుంటది. వీలైతే ఈ రెండూ వెతికి చూడుండ్రి, ఎట్ల తీసిండని కాదు, ఎంత దూరంలో నిలబడ్డడని చూడుండ్రి.

అయితే నాకు ఒక పేచీ ఉంది. మీరందరూ చదివే మనిషి ఒక్కడే ఉంటడనుకొని మాట్లాడుతున్నరు. మన దిక్కు చదువుడంటే ఒంటిగా చేసే పనేనా? కొల్లాపూర్ దగ్గర మా ఊళ్లో వానకాలం రాత్రిళ్లు భాగవతం చదివేది, కందిలి ముందర ఒక్కడు చదివితే అరుగు మీద పదిహేను మంది వినేది. చదివే ఆయనకు ముక్కు మీద అద్దాలు జారకుండ చూసుకునుడే సరిపోయేది, సంతోషం అంతా వినేవాళ్ల దగ్గర ఉండేది. గజేంద్రుని కాలు మొసలి పట్టిన చోట మా మేనత్త తన కాలు ముడుచుకునేది. ఫొటో తియ్యాలంటే ఆ కాలును తియ్యాలి.

ఇంకోటి చెప్త. పాలమూరు నుంచి బొంబాయికి మట్టి పనికి పోయినోళ్లు ఇంటికి ఉత్తరాలు రాయించేది. మా వాడకట్టులో అక్షరం వచ్చిన పిల్లగాన్ని నేను, కాబట్టి పక్కింటి అవ్వకు కొడుకు ఉత్తరం నేనే చదవాలి. కార్డు మీద రెండు వాక్యాలు, మేమంతా క్షేమం, పైసలు వచ్చే నెల పంపుత. మూడుసార్లు చదివించుకునేది, నాలుగోసారి అడుగనీకి మొహమాటపడి నాకు బెల్లం ముక్క పెట్టేది. తర్వాత ఆ కార్డు తనే పట్టుకొని, చదువు రాని మనిషి, ఒక్కొక్క వరుస మీద వేలు జరుపుకుంట పోయేది, ఎడమ నుంచి కుడికి, మళ్ల ఎడమ నుంచి కుడికి, నేను చేసినట్టే. చివరికి రొండిన దోపుకునేది. నా జన్మలో చదువుడులో అంత సుఖపడిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు, ఆమెకు అ ఆ రావు.

మీ నల్గొండలో 1922లోనే నీలగిరి పత్రిక వచ్చింది. 1926లో మా పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలువెట్టిండు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చిండు. పత్రికలు నడిపినోళ్ల ఫొటోలు మనకు ఉన్నయి. వాటి కోసం ఎదురుచూసి, చేతులు మార్చుకొని చదివినోళ్ల ఫొటో ఒక్కటి నా కంట పడలే. మీ లైబ్రరీ సారు గోడ ఖాళీగా ఉందన్నడు గదా, ఆ ఖాళీ వందేండ్లది.

*

చౌటుప్పల్_హైవే:

సార్ మీ అవ్వ సంగతి చదివి కొంచెం అదైంది. నా కామెంట్ వాపసు తీసుకుంటున్న. మా హోటల్ల పొద్దున పేపర్ వస్తే మెయిన్ ఒకరు, జిల్లా పేజీలు ఒకరు, సినిమా పేజీ పోరలు, ముక్కలు ముక్కలు పంచుకుంటరు, ఒకని పేజీ వెనక వార్తను ఎదురుంగ కూసున్నోడు వంగి చదువుతుంటడు, తిప్పకన్నా ఆగు అంటడు. పానగల్ తమ్మీ, వస్తే చాయ్ నాది.

*

మర్రిగూడ_దిక్కు:

ఎప్పుడు రాయను ఇక్కడ, చదివి పోత అంతే. ఇది చూసినంక రాయబుద్ధైంది.

మా పెద్దనాయినకు ఫ్లోరైడ్. మా దిక్కు ఎందరికో ఉన్నట్టే. బోరు నీళ్లు తాగి తాగి నలభై ఏండ్లకే వెన్ను, మెడ కట్టెలెక్క బిగుసుకపోయినయి. మెడ కిందికి వంగది, పక్కకు తిరగది, పక్కోన్ని చూడాలంటే మొత్తం మనిషే తిరగాలె. ఇప్పుడు నల్లాలల్ల కృష్ణ నీళ్లు వస్తున్నయి, గని ఆయన ఎముకలకు అవి ఆలస్యమైనయి.

మా ఊరికి కెమెరాలు మస్తు వచ్చినయి. ఎవరెవరో, పేర్లు ఎందుకు. వచ్చినోళ్లంత కాళ్లు తీస్తరు. తాతా నిలబడు, తాతా నాలుగు అడుగులు నడువు, చేతులు ముంగటికి చాపు. ఒకసారి వాళ్లు వచ్చే టైంకు పెద్దనాయిన పేపర్ చదువుకుంటున్నడు. కెమెరా ఆయన ఆ పేపర్ జర పక్కన పెట్టు తాతా అన్నడు. పెట్టిండు. నడిచిండు. వాళ్లు పోయినంక మళ్ల తీసుకొని, ఆగిన చోటు దొరకక, మొదటినుంచి చదువుకున్నడు.

మీరందరు తల వంచి చదివేటోళ్ల గురించి రాస్తున్నరు. మా పెద్దనాయిన తల వంచలేడు గదా. గోడకు వీపు ఆనిచ్చి స్టూలు మీద కూసొని, పేపర్‌ను రెండు చేతులతోని మొఖం ముంగటికి ఎత్తి పట్టుకుంటడు, జెండా పట్టుకున్నట్టు. చేతులు గుంజుతే తొడ మీదికి దించి, కాసేపు ఎదురుంగ వేపచెట్టును చూసి, మళ్ల ఎత్తుతడు. ఒక పేజీ చదవనీకి ఆరేడుసార్లు. అంత తిప్పల ఎందుకు, టీవీల వార్తలు వస్తయి గదా అంటే, టీవీ వాని ఇష్టం ఉన్నంతసేపు చెప్తదిరా, ఇది నా ఇష్టమున్నంతసేపు ఉంటది అన్నడు.

మొన్న పొద్దుగాల ఆయన వెనక కిటికీలకెల్లి నా ఫోన్‌తోని ఒకటి తీసిన. ఎదురుంగ ఎండ, పేపర్ మీద పడి కాగితం లాంతరు లెక్క వెలుగుతున్నది, అటు పేజీల అక్షరాలు ఇటు తిరగబడి కనపడుతున్నయి, ఆయన తల ముంగట నల్లగ. మొఖం లేదు. కాళ్లు లేవు. వేళ్ల నీడ ఉంది కాగితం మీద. దాన్ని చూసి మా అమ్మ, బావ ఎంత మంచిగున్నడురా అన్నది. తలకాయ వెనక భాగం చూసి!

ఆ ఫొటో ఈడ పెడదామనుకున్న, గని పైన చెల్లె అడిగి తియ్యమన్నది గదా, నేను అడగకుండ తీసిన. అడిగినంక పెడుత.

*

పానగల్_పోరడు:

పది రోజులైంది, అందరికి ఒక్కటేసారి చెప్త.

గోడకు పదకొండు అయినయి. చెప్పులు విడిచిన కాళ్లు ఒకటి, ఆమెను అడిగిన, నవ్వి సరేనన్నది. చౌటుప్పల్ హోటల్ల నలుగురు ఒకటే పేపర్ పంచుకున్నది ఒకటి, చాయ్ పైసలు అన్న తీసుకోలే. మర్రిగూడ అన్నా, పెద్దనాయిన ఒప్పుకుంటే నీ ఫోన్ ఫొటోనే ప్రింట్ కొట్టిద్దాం, ఫోన్‌ది అని ఎవడన్న అంటే నేను చూసుకుంట.

ఇగ మా నాయిన. ఎనిమిది రోజులు కెమెరా ఒళ్లె పెట్టుకొని ఊకెనే పక్కన కూసున్న, ఎత్తలే. మొదటి రెండు రోజులు ఏందిరా తియ్యవా అన్నడు, తర్వాత మరిచిపోయిండు. స్టూడియో అన్న చెప్పినట్టు అప్పుడప్పుడు టక్కుటక్కుమనిపించిన, గోడను, పిల్లిని. నిన్న బజ్జీలు తెచ్చిండు. కాగితం విప్పిండు, నూనె ఎక్కువ పీల్చింది, అక్షరాలు అటువి ఇటువి కలిసిపోయినయి. తొడ మీద కనపడక, లేచి బల్బు కిందికి పోయి ఎత్తి పట్టుకున్నడు. నాకు మర్రిగూడ పెద్దనాయిన యాదికొచ్చిండు, ఒళ్లెకెల్లే కొట్టిన, వ్యూఫైండర్ల కన్ను పెట్టలే. నాలుగు. మూడు గోడ మీద ఫోకస్ అయినయి.

ఒకటి వచ్చింది. కాగితం పసుపుపచ్చగ, వెలుగంత దాంట్లకెల్లే. నాయినది ఒక చెవి, ఒక బొటనవేలు, దవడ కొంచెం. వెనక కొద్దిగ మసకగ మా అమ్మ, పళ్లెం కడగనీకి తీసుకపోతున్నది, పళ్లెం చేతులనే ఉంది, ఆగి ఇటు మళ్లింది. వనపర్తి సారు చెప్పకుంటే అమ్మను క్రాప్ చేసేద్దును.

నాయిన ముంగటనే పెట్టి, ఉంచాల్నా తియ్యాల్నా అని అడిగిన. కెమెరా తీసుకొని స్క్రీన్ దగ్గరికి పట్టుకున్నడు. ఇది పెద్దగైతదా అన్నడు, బటన్ చూపించిన. నేను తన మొఖం చూసుకుంటడు అనుకున్న. కాగితం మీదికి జూమ్ చేసి, ఇంకింత చేసి, పక్కకు జరిపి, అరె, ఈ దిక్కు ఇంకో వార్త ఉండెనే, నేను చూడనే లే అన్నడు. అమ్మ ఏమున్నదట అన్నది. ఉండు, చెప్త అన్నడు.

ఉంచాల్నా వద్దా అనేది ఇంక చెప్పలే. కెమెరా ఆయన దగ్గరనే ఉండె.